కోరంగి మడ అడవిలో ఎగరని డ్రోను

పిల్లలూ! మా కోనసీమ నుంచి కోరంగి వెళ్ళడం ఇప్పుడెంత సుఖమో ముందు చెప్పుతాను. అమలాపురంలో పొద్దున్నే బయలుదేరి, ముమ్మిడివరం, మురమళ్ళ దాటితే యెదుర్లంక వస్తుంది. అక్కడ గౌతమి పాయమీద పెద్ద వంతెన వున్నది. నా చిన్నతనంలో ఆ రేవును పంటుమీదనో, పడవమీదనో దాటేవాళ్ళం. వంతెన దిగితే యానాం, అది పుదుచ్చేరిది. ఇంకొంచెం ముందుకు పోతే కోరంగి. ఒకప్పుడది పేరుపడ్డ ఓడరేవు. 1839లో వచ్చిన తుఫాను దాన్ని తుడిచిపెట్టింది. ఇప్పుడా పేరు చెబితే అందరికీ జ్ఞాపకం వచ్చేది మడ అడవి. 1978లో దీన్ని వన్యప్రాణుల అభయారణ్యంగా ప్రకటించారు. వైశాల్యం సుమారు 235 చదరపు కిలోమీటర్లు.

మొన్న భాద్రపదంలో నా మనమణ్ణి వెంటబెట్టుకుని వెళ్ళాను. వాడు తొమ్మిదో తరగతి. భుజాన సంచీ, సంచీలో వాళ్ళ నాన్న కొనిపెట్టిన డ్రోను. మడిస్తే అరచేతిలో ఇముడుతుంది. బరువు 240 గ్రాములు. అడవిని పైనుంచి ఫోటో తియ్యాలని వాడి సరదా.

ద్వారం దగ్గర అడవిశాఖ ఉద్యోగి సంచీలోకి చూసి, "బాబూ, అనుమతి కాగితం లేకుండా ఇది ఇక్కడ ఎగరెయ్యకూడదు," అన్నాడు.

"తాతయ్యా, 250 గ్రాముల లోపు డ్రోనుకు పైలటు పత్రం అక్కర్లేదు. నేను చదివాను," అన్నాడు మావాడు.

వాడు చెప్పింది అబద్ధం కాదు. 2021 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం డ్రోన్ నియమాలు చేసింది. 250 గ్రాముల వరకు నానో డ్రోను, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. ఇంకా పెద్దవీ వున్నవి. ఆకాశాన్ని ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విడదీసి, ఆ పటాన్ని డిజిటల్ స్కై అనే వేదికలో అందరూ చూసేటట్టు పెట్టారు. ఆకుపచ్చ మండలంలో సాధారణంగా 400 అడుగుల వరకు, అంటే 120 మీటర్ల ఎత్తుదాకా, ఎగరడానికి అనుమతి అడగనక్కర్లేదు. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వం ఒప్పుకోనిదే ఎగరరాదు. పైలటు పత్రం కావాలంటే 18 ఏళ్ళు నిండాలి, 65 దాటకూడదు. మావాడికి ఇంకా నిండలేదు, నాకు దాటిపోయింది, ఇద్దరం సరిపోయాం!

అయితే అవి ఆకాశానికి సంబంధించిన నియమాలు. కింద అడవి వున్నది గదా! దానికి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేరే వున్నది. అభయారణ్యంలో అడుగు పెట్టాలన్నా, ఫోటోలు తియ్యాలన్నా అనుమతి కావాలి. ఆ అనుమతి ఇచ్చే అధికారం ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడిది. హైదరాబాదు నడిబొడ్డున వున్న కె.బి.ఆర్. జాతీయ వనానికీ ఇదే చట్టం. ఒక సంగతి వింటే మీరు ఆశ్చర్యపోతారు. ఆ చట్టంలో "వేట" అంటే తుపాకి పేల్చడం ఒక్కటే కాదు. పక్షుల గూళ్ళనూ, గుడ్లనూ కలవరపెట్టడం కూడా వేటే.

ఇంత చిన్న యంత్రం ఏం చేస్తుందంటారా? అమెరికాలో శాస్త్రజ్ఞులు నల్ల ఎలుగుబంట్ల గుండె కొట్టుకోవడాన్ని కొలిచి, 2015లో ఆ లెక్కలు ప్రకటించారు. డ్రోను పైన తిరిగినప్పుడు పిల్లలున్న ఒక తల్లి ఎలుగు గుండె నిమిషానికి 41 సార్లనుంచి 162కు పోయింది. అదే దేశంలో కాలిఫోర్నియా తీరాన, 2021 మే నెలలో, ఒక డ్రోను సముద్రపు రేవపిట్టల గూళ్ళమధ్య కూలింది. పిట్టలన్నీ భయపడి ఎగిరిపోయినవి. సుమారు 1,500 గుడ్లు దిక్కులేకుండా మిగిలినవి.

మావాడు సంచీ కారులో పెట్టి వచ్చాడు, కాని మొహం ముడుచుకునే వున్నాడు. కర్రలతో కట్టిన బాటమీద మడచెట్లమధ్య నడిచాం. బురదలోనుంచి వేళ్ళు పైకి, పెన్సిళ్ళు గుచ్చినట్టు లేచి వున్నవి. బురదలో గాలి ఆడదు గనుక చెట్టు ఆ వేళ్ళతో గాలి పీల్చుకుంటుంది. తిల్లచెట్టు పాలు కంట్లో పడితే ప్రమాదమని చెబితే మావాడు చేతులు వెనక్కు కట్టుకున్నాడు. ఈ అడవిలోనే నీటికుక్కలూ, చేపలు పట్టే బావురుపిల్లీ వున్నవి. మాకు కనబడింది మాత్రం బురదమీద గెంతే చేప. వాడు దాన్ని వంగి చూస్తూ నవ్వాడు.

నిజానికి ఆరోజు వాణ్ణి మందలించే యోగ్యత నాకు లేదు. మా వూరి చెరువుగట్టున ఒక చింతచెట్టు వున్నది. వానాకాలంలో దానినిండా కొంగల గూళ్ళే. శ్రావణంలో వాడు డ్రోను ఎగరేస్తూంటే, "గూట్లో పిల్లలెన్నో చూద్దాం, ఇంకాస్త దగ్గరికి పోనియ్యరా," అన్నది నేనే. అన్నేళ్ళు పాఠాలు చెప్పినవాణ్ణి! కొంగలన్నీ ఒక్కసారిగా లేచిపోయినవి. చాలాసేపు వాలలేదు. ఆలోగా కాకులు వచ్చినవి. మేము పరుగెత్తి వెళ్ళేసరికి చెట్టుకింద రెండు గుడ్లు పగిలి వున్నవి. ఆ చెట్టు అభయారణ్యం కాదు, కాని కొంగలు ఎక్కడున్నా చట్టం వాటిని కాపాడుతుంది.

కోరంగినుంచి సాయంత్రం ఇంటికి రాగానే వాడు నేరుగా చెరువుగట్టుకు పోయాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. పై కొమ్మల్లో కొంగపిల్లలు అరుస్తున్నవి. వాడు నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, పిల్లలున్న గూళ్ళు లెక్కపెట్టసాగాడు.

"పదకొండు, తాతయ్యా," అన్నాడు.

శ్రావణంలో డ్రోను ఎగరెయ్యకముందు లెక్కపెట్టినప్పుడు పద్నాలుగు గూళ్ళు వున్నవి.