అలవాటైపోయిన దగ్గు



ఈ వారం ఒక ముసలి కుక్క గురించి రాస్తున్నాం. నవ్వుకునేవాళ్ళు నవ్వుకోండి గానీ చివరిదాకా చదవండి.

జిమ్మీని మీలో చాలామంది ఎరుగుదురు. ఆదివారం ఆరాధనలో అందరూ నిశ్శబ్దంగా తల వంచిన సమయానికే మా ఇంటి అరుగు మీద నుంచి బాతు అరిచినట్టు వినపడే దగ్గు దానిదే. అది మన సంఘంలోని ఒక మామ్మగారు పెంచుకున్న కుక్క. ఆమె ప్రభువునందు నిద్రించి రెండేళ్ళు దాటింది. పిల్లలు హైదరాబాదులో ఒకరు, అమెరికాలో ఒకరు. కార్యక్రమాలన్నీ అయ్యాక పెద్దబ్బాయి వచ్చి, "అయ్యగారూ, మా ఫ్లాటులో కుక్కల్ని ఉంచనివ్వరు. అమ్మ దీన్ని తన మంచం మీదే పడుకోబెట్టుకునేది. ఏం చేయమంటారు?" అని అడిగాడు. అప్పటికే దానికి పదకొండేళ్ళు. ఆ రోజు నుంచి మా ఇంట్లోనే ఉంటోంది. ఊళ్ళో అందరూ పామేరియన్ అంటారు. మన దేశంలో ఆ పేరుతో పెరిగే తెల్లకుక్కల్లో చాలావరకు ఇండియన్ స్పిట్జ్ జాతివి. ఇదీ అంతే.

దగ్గు కూడా దానితోపాటే వచ్చింది. పొడిదగ్గు, నాలుగైదుసార్లు గట్టిగా దగ్గి చివర్లో వాంతి చేసుకోబోయినట్టు నోరు తెరుస్తుంది. చూసినవాళ్ళంతా గొంతులో ఎముక ఇరుక్కుందన్నారు. తేనె నాకించమన్నారు కొందరు, మన దగ్గు సిరప్పే ఒక చెంచా పోయమన్నారు ఇంకొందరు. మేము దాన్ని విజయవాడ దాటి గన్నవరంలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తీసుకెళ్ళాం. అక్కడి డాక్టరమ్మగారు ఛాతీ మీద స్టెతస్కోపు పెట్టి చాలాసేపు విన్నారు, ఎక్స్‌రే తీయించారు, తర్వాత ఓపిగ్గా విడమరిచి చెప్పారు. అది మీకూ ఉపయోగపడుతుందని ఇక్కడ పెడుతున్నాం.

చిన్నజాతి కుక్కకు ముసలితనంలో దగ్గు నెలల తరబడి తగ్గకపోతే ముఖ్యంగా మూడు చోట్ల చూస్తారు. మొదటిది గాలిగొట్టం. అది మూసుకుపోకుండా మృదులాస్థి ఉంగరాలు లోపలి నుంచి నిలబెడతాయి. కొన్ని జాతుల్లో వయసు పెరిగేకొద్దీ అవి మెత్తబడి, గొట్టం తడిసిన కాగితపు గొట్టంలా చప్పబడుతుంది. సంతోషంతో గెంతినా, మెడపట్టీ పట్టి లాగినా, గబగబా నీళ్ళు తాగినా దగ్గు తన్నుకొస్తుంది. రెండోది గుండె. ఎడమవైపు రెండు గదుల మధ్య ఉండే మైట్రల్ కవాటం వయసుతో మందమై సరిగా మూసుకోదు. రక్తం వెనక్కి కారి గుండె పెద్దదవుతుంది, ముదిరితే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది. మూడోది శ్వాసనాళాల్లో తగ్గని వాపు, మన పెద్దవాళ్ళకు వచ్చే బ్రాంకైటిస్ లాంటిది. ఇవిగాక ఒకదాన్నుంచి ఒకదానికి అంటే దగ్గు, దోమకాటు వల్ల వచ్చే గుండెపురుగు కూడా ఉంటాయి. ఒకే కుక్కకు రెండు మూడు కలిసి ఉండటమూ మామూలే.

బయటికి అన్నీ ఒకేలా దగ్గుతాయి. మందులు మాత్రం వేరు. గుండె జబ్బుకు ఒంట్లో నీరు తీసే మాత్ర కావాలి, గుండెకు బలమిచ్చే మాత్ర కావాలి. గాలిగొట్టం జబ్బుకు దగ్గు అణచేవి, వాపు తగ్గించేవి కావాలి. అందుకే పక్కింటి కుక్క మందుచీటీ అరువు తెచ్చుకోకూడదు. స్టెరాయిడ్ మాత్రలు రాస్తే డాక్టరు చెప్పినట్టే మెల్లగా తగ్గించాలి, మనంతట మనం ఒక్కసారిగా ఆపకూడదు. మనుషుల మందులైతే అసలు వద్దు. ఐబుప్రొఫెన్, పారాసిటమాల్ కుక్కలకు విషంగా మారగలవు. చక్కెర లేదని అమ్మే కొన్ని సిరప్పుల్లో జైలిటాల్ ఉంటుంది, అది కొద్దిగా లోపలికి పోయినా కుక్క ప్రాణం మీదికి వస్తుంది.

జిమ్మీకి గాలిగొట్టం మెత్తబడిందని తేలింది. గుండెలో చిన్న చప్పుడు ఉంది గానీ నీరు చేరలేదు. "పూర్తిగా తగ్గదండీ. తగ్గించుకుంటూ ఉండాలి," అన్నారు డాక్టరమ్మగారు.

తిరుగు ప్రయాణమంతా ఆ మాటే మాతో వచ్చింది. మన సాక్ష్యాలు ఎక్కువగా ఎలా ఉంటాయి? జబ్బు చేసింది, ప్రార్థించాం, నయమైంది, దేవునికి స్తోత్రం. తగ్గని జబ్బుతో పదేళ్ళు మంచం పక్కన కూర్చున్నవారు లేచి సాక్ష్యం చెప్పడం అరుదు. వారికి చెప్పడానికి ముగింపు ఉండదు. తెల్లారితే మళ్ళీ అదే మాత్ర, అదే దగ్గు.

ఇంట్లో మేము మార్చుకున్నవి పెద్ద పనులేమీ కావు. మెడపట్టీ తీసేసి ఛాతీకి తగిలించే హార్నెస్ కొన్నాం, దానితో గొంతు మీద బరువు పడదు. మామ్మగారి గారాబం వల్ల అది 7 కిలోలకు పైగా ఉండేది. ఒంట్లో కొవ్వు పెరిగితే ఊపిరికి చోటు తగ్గుతుందన్నారు. అన్నం కొలిచి పెట్టాం. ఆరాధన అయ్యాక సండేస్కూలు పిల్లలు బిస్కెట్లు వేయకుండా ఉడికించిన క్యారెట్ ముక్కలు వాళ్ళ చేతికిచ్చాం. ఐదు నెలల్లో 6 కిలోలకు వచ్చింది. దగ్గు సగం అక్కడే తగ్గింది.

తర్వాత పొగ. దోమల చుట్ట మానేసి దోమతెర కట్టాం. ఎండుమిర్చి వేయించేటప్పుడు జిమ్మీని వెనక గదిలోకి పంపి తలుపు వేస్తాం. కోతలయ్యాక చేలల్లో గడ్డి తగలబెట్టే రోజుల్లో కిటికీలు మూస్తాం. వేసవిలో తెల్లవారకముందే ఒక పది నిమిషాలు నడిపిస్తాం, ఎండెక్కితే బయటికి తీయం. ఎవరైనా ఇంటికొస్తే అది ఎగిరి గంతులేస్తుంది కాబట్టి, కాసేపు దాన్ని పలకరించకుండా కూర్చోమని వచ్చినవారిని బతిమాలుకుంటాం. మీలో కొందరికి అది విడ్డూరంగా అనిపించి ఉంటుంది. కారణం ఇదీ.

రాత్రి పని పిల్లలది. కుక్క గాఢనిద్రలో ఉన్నప్పుడు పొట్ట ఒకసారి పైకి లేచి కిందికి దిగితే ఒక ఊపిరి. అర నిమిషం లెక్కపెట్టి రెండింతలు చేయాలి. నిమిషానికి 30 లోపు ఉంటే భయం లేదు. రోజూ అంతకు మించుతుంటే గుండె నుంచి నీరు చేరుతోందేమోనని వెంటనే డాక్టరుకు చెప్పాలి. పాత సండేస్కూలు హాజరు పుస్తకంలో మా పిల్లలు రోజూ రాస్తారు: 18, 20, 22.

ఈ సంవత్సరం భోగినాడు తెల్లవారుజామున వీధిలో మంటల్లో ఎవరో పాత టైర్లు వేశారు. కిటికీలు మూసి ఉన్నా పొగ లోపలికొచ్చింది. జిమ్మీ దగ్గు మొదలుపెట్టి ఆపలేకపోయింది. నాలుక నీలిరంగుకు తిరిగింది. అలాంటప్పుడు చుట్టూ మూగకూడదు, నోట్లో నీళ్ళు పోయకూడదు. పొగలేని చోట, గాలి తగిలేలా, కంగారు పెట్టకుండా ఉంచి వెంటనే బయల్దేరాలి. తెనాలిలో ఒక పశువైద్యుడు పండగపూట నిద్ర లేచి తలుపు తీశారు. ఇంజెక్షన్ చేసి ఆక్సిజన్ పెట్టారు. గంట తర్వాత నాలుక గులాబీరంగుకు వచ్చింది. మా చిన్నమ్మాయి అప్పటిదాకా ఒక్క మాట మాట్లాడలేదు. రంగు మారాక ఏడ్చింది.

ఆ తర్వాతి ఆదివారం ఒక సంఘపెద్ద మమ్మల్ని పక్కకు పిలిచి అడిగారు. "అయ్యగారూ, తప్పుగా అనుకోవద్దు. మనుషులకే మందులు కొనలేని ఇళ్ళు మన సంఘంలో ఉన్నాయి. కుక్కకు నెలకు ఆరేడు వందలా? నొప్పి లేకుండా పోయే ఇంజెక్షన్ ఉంటుందంట కదా." ఆయన కఠినుడు కాడు. ఆ ప్రశ్నలో న్యాయముంది. కాబట్టి అందరికీ జవాబు చెప్పాలి.

డబ్బు మా ఇంటి ఖర్చులో తగ్గించుకున్నది, కానుకల పెట్టెలోది కాదు. ఇంజెక్షన్ సంగతి డాక్టరుగారిని మేమూ అడిగాం. ఆయన మూడు ప్రశ్నలు ఇచ్చారు. తింటోందా? రాత్రి నిద్రపోతోందా? మిమ్మల్ని చూసి లేచి వస్తోందా? ఈ రోజుకు మూడింటికీ అవుననే జవాబు. కాదనే రోజు వస్తే, మా ప్రేమ కోసం దాన్ని ఊపిరాడక బాధపడనివ్వం. ఆ మాట పిల్లలకూ చెప్పి ఉంచాం.

బైబిలులో కుక్కకు గౌరవం తక్కువే, ఒప్పుకుంటాం. అయినా సామెతల గ్రంథం 12వ అధ్యాయం 10వ వచనం తీసి చూడండి. నీతిమంతుణ్ణి అక్కడ ఏ గుర్తుతో పట్టుకోవచ్చన్నారో గమనించండి: తన దగ్గరున్న పశువు ప్రాణం ఎలా ఉందో పట్టించుకుంటాడా లేదా అని. యోనా గ్రంథం ఆఖరి మాట కూడా నీనెవెలోని పశువుల మీదే ముగుస్తుంది.

మనుషుల సంగతికి వద్దాం. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా చిన్నమ్మాయి, "నాన్నా, మూడో సందులో తాతయ్య కూడా రోజూ దగ్గుతున్నాడు. ఆయనకు ఎవరు లెక్కపెడుతున్నారు?" అంది. ఆ సందులో అందరూ ఆ దగ్గు విన్నవాళ్ళే. అలవాటైపోయింది. కోడలికి అది గోడ గడియారం చప్పుడులాంటిది. రెండు వారాలు దాటిన దగ్గుకు కళ్ళె పరీక్ష చేయించాలి, ప్రభుత్వ ఆసుపత్రుల్లో క్షయ పరీక్ష, మందులు ఉచితం. కోడలితో మాట్లాడి మర్నాడే తీసుకెళ్ళాం. క్షయ కాదని తేలింది. ఏళ్ళ తరబడి పొగాకు తెచ్చిన ఆయాసమట. అదీ పూర్తిగా తగ్గేది కాదు. ఇప్పుడాయన రోజూ మందు పీలుస్తున్నాడు, రాత్రి కూర్చోకుండా పడుకోగలుగుతున్నాడు. మాకు ఆయన్ని చూపించింది ఆ హాజరు పుస్తకమే.

ప్రియులారా, తగ్గని జబ్బు ఉన్న ఇంట్లో మొదట అలిసిపోయేది చెవి. దగ్గు వినపడుతూనే ఉంటుంది, వినడం మాత్రం ఆగిపోతుంది. మంచంలో ఉన్న మీ అమ్మగారు గానీ, కొట్టంలో ముసలి గేదె గానీ, అరుగు మీద కుక్క గానీ, ఈ రాత్రి అందరూ పడుకున్నాక ఒక్క నిమిషం పక్కన కూర్చుని ఊపిరి లెక్కపెట్టండి. నిన్నటికంటే ఎక్కువుంటే వైద్యుడికి చెప్పండి. అంతే ఉంటే దేవునికి స్తోత్రం చెప్పి పడుకోండి.

ఆయన కృప మీ ఇళ్ళమీద ఉండును గాక. ఆమేన్.