సంగటి ముద్ద

కంబదూరులో బస్సు దిగిన క్రొత్తవానికి ఆ సీమవారి నిత్యాహారం ఏదో వెంటనే బోధపడదు. ఉదయం హోటలులో ఇడ్లీ, దోసెల సరసన ఉగ్గాని కనిపిస్తుంది. బొరుగులను నీటిలో తడిపి, పిండి, తాలింపులో కలిపి, పుట్నాలపొడి చల్లి, మిరపకాయ బజ్జీతో పెడతారు. మధ్యాహ్నం మాత్రం అన్ని ఊళ్ళలో వలెనే తెల్లని అన్నం. సంగటిని చూడాలంటే ఎవరింటి గడపనైనా త్రొక్కాలి.

అక్కడ ముందు నూకలు మెత్తగా ఉడుకుతాయి. వాటిపై రాగిపిండిని గుట్టగా పోసి, మూతపెట్టి మగ్గనిచ్చి, ఉండలు కట్టకుండా కట్టెతో కెలుకుతారు. తడిచేతితో చేసిన ముద్ద పళ్ళెంలోకి వస్తుంది. ప్రక్కన చెనిక్కాయల ఊరిబిండి. కోస్తా అతిథి అలవాటుకొద్దీ నమలబోతే ఇంటి పెద్దావిడ వారిస్తుంది: "నమలాకు నాయనా, మింగల్ల."

మెట్టధాన్యాలను మన కవులందరూ మన్నించలేదు. పలనాటి జొన్నకూటిని ఎగతాళి చేసే చాటువులు శ్రీనాథుని పేర ప్రచారంలో ఉన్నాయి. కంబదూరుకు ఎంతో దూరం లేని కన్నడసీమలో మాత్రం కనకదాసు వరికీ రాగికీ తగవు కల్పించి 'రామధాన్య చరితె' రచించాడు. శ్రీరాముడు రెండింటినీ ఆరునెలలు చెరలో ఉంచగా వరి చెడిపోయింది; రాగి చెక్కుచెదరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన కురిసే అనంతపురం జిల్లా రైతుకు ఈ సంగతి కావ్యం చదవకుండానే తెలుసు.

విచిత్రమేమంటే, ఊరిబిండిలోని చెనిక్కాయ, మిరపకాయ రెండూ అమెరికా ఖండాలలో పుట్టి సముద్రాలు దాటి వచ్చినవే. కొలంబస్ తన తొలియాత్రలో మిరపను చూసినది కరీబియన్ దీవులలో. అక్కడివారి దినభోజనంలోని కారం ఇక్కడి పేదవాని ముద్దకు తోడైంది.

అయితే నంజుడుగా వచ్చిన చెనిక్కాయ పొలాన్నే ఆక్రమించింది. ఇరవయ్యవ శతాబ్ది ఉత్తరార్ధంలో కొర్ర, ఆరిక, సామ చేలు తగ్గి, అమ్ముకొనే పంటగా అది జిల్లా అంతటా పరచుకుంది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీర్చిన ఆ బియ్యాన్ని తప్పుపట్టడం కడుపు నిండినవారి మాట. కాని దానితోపాటు సంగటి కట్టె పని కూడా తగ్గింది. నేడు నగరాలలో చిరుధాన్యాలను ఆరోగ్యం పేరిట అధిక ధరకు కొంటున్నారు.

ఆ యింట అతిథి రెండవ ముద్ద అడుగుతాడు. పెద్దావిడ ముఖం వికసిస్తుంది. ప్రక్కన కూర్చున్న మనుమడు తన కంచంలోని తెల్లని అన్నం కలుపుకొంటూ, అతిథిని వింతగా చూస్తాడు.