మొన ఎంచుకోవడంలోనే ఉంది!

వాషింగ్టన్‌కు దక్షిణాన దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో, పొటోమాక్ నది ఒడ్డున ఉంటుంది ఇండియన్ హెడ్. మేరీల్యాండ్ రాష్ట్రంలోని ఈ చిన్న ఊరికి గుర్తింపు తెచ్చింది అమెరికా నౌకాదళ స్థావరం. 1890 నుంచీ దానికి మందుగుండుతోనే పని. పక్కనే మాట్టవోమన్ వాగు, చుట్టూ చెట్లు, వాటి మధ్య తెల్లతోక జింకలు. పాత సైనిక రైలుమార్గాన్ని 2009లో సైకిల్ బాటగా మార్చారు. దానిమీద 21 కిలోమీటర్లు హాయిగా తొక్కుకుంటూ వెళ్లొచ్చు.

విచిత్రమేమిటంటే, మందుగుండు తయారయ్యే ఆ స్థావరంలో వేటగాళ్లు జింకల మీదికి బాణాలతో వెళ్తారు! మనదేశంలో జింకను చంపితే జైలే. అక్కడ వాటి సంఖ్య మితిమీరకుండా ప్రభుత్వమే వేటకు అనుమతిస్తుంది. దాంతోపాటే ఓ తెగని వాదన... బాణానికి ఏ మొన బిగించాలి?

మొనలు రెండు రకాలు. ఒకదానికి బ్లేడ్లు కదలకుండా బిగించి ఉంటాయి. మొరాయించే భాగాలేవీ లేవు, ఎముక తగిలినా తట్టుకుంటుంది. కానీ ఆ బ్లేడ్లు గాలిని పట్టేస్తాయి. విల్లు సరిగ్గా సరిచేసుకోకపోతే బాణం దారి తప్పుతుంది. రెండోది మెకానికల్. బ్లేడ్లు మూసిన గొడుగులా ముడుచుకుని, జింకకు తగిలాక విచ్చుకుంటాయి. గురి తేలిక, గాయం వెడల్పు. అయితే విచ్చుకోవడానికే కొంత శక్తి ఖర్చవుతుంది. బలం తక్కువున్న విల్లుతో వేస్తే లోతుకు దిగకపోవచ్చు.

ఇది వేటగాడి సరదాకు సంబంధించిన సంగతి కాదు. సరిగ్గా తగిలితే జింక క్షణాల్లో నేలకొరుగుతుంది. లేదంటే గాయంతో పొదల్లోకి పారిపోయి, ఎవరికీ దొరక్కుండా నరకయాతన పడుతుంది.

అందుకే ఇండియన్ హెడ్‌లో 1989 నుంచి లెక్క రాశారు. బాణం తగిలిన ప్రతి జింక గురించీ వేటగాళ్లు చెప్పి తీరాలి. బిగించిన బ్లేడ్లు తగిలిన జింకల్లో సుమారు 82 శాతం దొరికాయి. తర్వాత వాడిన మెకానికల్ మొనలతో అది 91 శాతానికి చేరింది. అంటే తప్పిపోయే జింకలు సగానికి తగ్గాయన్నమాట!

అలాగని మొన మారిస్తే చాలనుకుంటే పొరపాటే. అక్కడ విల్లు పట్టేవాళ్లు ముందు శిక్షణ పొందాలి, ఏటా గురి పరీక్ష నెగ్గాలి. ఎంత మంచి మొనైనా, నమ్మకం కుదరనప్పుడు బాణం వదలకుండా ఆగే చెయ్యి కావాలి మరి!