జ్ఞాపకఖండములకు నామకరణము

మా భద్రాద్రి ప్రాంతమువారికిఁ బేరు మాఱుట వింత గాదు. 1959 వఱకు తూర్పుగోదావరి జిల్లాలో నుండిన భద్రాచలము పిదప ఖమ్మము జిల్లాలోఁ జేరెను. 2014లోఁ బ్రక్కనున్న యెటపాక మున్నగు గ్రామములు ఆంధ్రప్రదేశమునకుఁ బోయెను. 2016లో భద్రాచలము భద్రాద్రి కొత్తగూడెము జిల్లాలోని దయ్యెను. నేల యొక్కటియే, ఏ కచేరికిఁ బోవలయునో చెప్పునది పేరు. అడవి సరిహద్దున ఱాతిమీఁది యంకె చెరిగినచో నెట్టి తగవులు పుట్టునో చదువరు లెఱుఁగుదురు. అట్టి తగవే మాకు యంత్రములోఁ దటస్థించెను.

మేము మువ్వురము సర్వరు ప్రోగ్రాములు చూచువారము. 2023 జూలైలో గోదావరి భద్రాచలమువద్ద 53 అడుగుల మూఁడవ ప్రమాదహెచ్చరికను దాఁటిన దినములలో, శిబిరముల బియ్యపు లెక్కలను, మందుల లెక్కలను వ్రాసికొను నొక సర్వరు మా కప్పగింపఁబడెను. అది రాత్రివేళ జ్ఞాపకశక్తి చాలక నిలిచిపోవుచుండెను. నిలిచినప్పుడెల్ల శిబిరములవారు దీపపువెలుఁగునఁ గాగితములపై వ్రాసికొనవలసి వచ్చెను.

ఇట్టి సర్వరులోఁ దల్లిప్రక్రియ ముందుగాఁ గొన్ని యుమ్మడి జ్ఞాపకఖండములను దీసికొని, పిదపఁ బిల్లప్రక్రియలను బుట్టించును. అన్నియు నా ఖండములందే వ్రాయును, చదువును. ఉమ్మడి కుటుంబపు గాదె యనుకొనుఁడు. మా సర్వరునం దట్టివి యైదు, అన్నియు నొకే పరిమాణము. ఖండ మెంత పెద్దదైనను వాడఁబడిన పుటలే లెక్కకు వచ్చును. లినక్సు చూపు పట్టికలో నొకటి నిండుచున్నదని తెలిసెను గాని, యది యేదియో తెలియలేదు. అయిదింటికిని "డెవ్ జీరో డిలీటెడ్" అను నొకే పేరు. చిరునామాలను బట్టి గుర్తింతమన్న నవి సర్వరు లేచిన ప్రతిసారియు మాఱును. మాలో నొకరు క్యాషె యనిరి. మఱియొకరు సెషనుల పట్టిక యనిరి. వాదముతో రెండు దినములు గడచెను.

ఖండమునకుఁ బేరు పెట్టు "పీఆర్‌సీటీఎల్" పిలుపు తొలుత ఆండ్రాయిడులో వాడుకలో నుండెను. 2022లో లినక్సు 5.17 దానిని గ్రహించెను. ఉమ్మడి ఖండములకు 2023 ఫిబ్రవరిలో వచ్చిన 6.2తో నా సౌకర్యము కలిగెను. మా యంత్రమున నదియే యుండుట యదృష్టము. తల్లి పెట్టిన పేరు పిల్లలకును వచ్చును. పేరు, చివరి శూన్యాక్షరముతోఁ గూడ, 80 బైట్లు మీఱరాదు. తెలుఁగున "వరుస" యని వ్రాయఁగా యంత్రము త్రోసిపుచ్చెను. ఆంగ్లాక్షరములే దానికి సమ్మతము. ఇది మాకుఁ గొంత కష్టముగాఁ దోఁచినమాట నిజము. పాత లినక్సులలో నీ పిలుపు విఫలమగును. ఆ వైఫల్యమును సర్వరు లక్ష్యపెట్టరాదు. చీటి యంటకున్నంతమాత్రమున గాదె మూయుదురా?

అయిదు పంక్తులు వ్రాసి సర్వరును లేపితిమి. రాత్రి పదిగంటలకుఁ బట్టిక చూడఁగా నిండుచున్నది క్యాషె గాదు, సెషనుల పట్టికయుఁ గాదు, పనుల వరుస. ఒక పిల్లప్రక్రియ పని నడుమఁ జచ్చినచో, అది పట్టుకొనిన గదులు మఱల విడుదల కాకుండెను. పిల్ల చచ్చిన వెంటనే తల్లి యా గదులను వదలించునట్లు దిద్దితిమి. నాఁటిరాత్రి సర్వరు నిలువలేదు. వరద తీసి శిబిరములు మూయువఱకును నడచెను. ఆ యైదు పేరులను మేము తీసివేయలేదు.