పండుగకు పువ్వు, కూరకు కాయ

పిల్లలూ! జయశంకర్ భూపాలపల్లి జిల్లాలో టేకుమట్ల అనే వూరు వున్నది. 2016లో కొత్త జిల్లాలు ఏర్పడక ముందు అది వరంగల్లు జిల్లాలో వుండేది. అక్కడి చేలలో వరి, పత్తి, మిరప పండుతాయి. కాని ఇవాళ మనం చేలకు పోవద్దు; ఇంటి వెనక పెరట్లోకి పోదాం. పెరట్లో పూలకొక తావు, కూరలకొక తావు అని విడదీయనక్కరలేదు. ఒకే మొక్క రెండు పనులూ చేయగలదు.

ముందు పెరడును కాగితం మీద గీసి, దిక్కులు గుర్తు పెట్టండి. చలికాలంలో సూర్యుడు దక్షిణపు వైపుగా నడుస్తాడు. నీడ ఉత్తరానికి పడుతుంది. అందుచేత మునగచెట్టూ, బీర చిక్కుడు తీగలు పాకే పందిరీ ఉత్తరపు అంచున వుండాలి. వాటి ముందు వంగ, టమాటా మొక్కలు. దక్షిణాన పుంటికూర, పాలకూర మళ్ళు. గట్ల వెంట బంతి నాటండి. టమాటా కాయను తొలిచే పురుగును తన వైపు లాగటానికి రైతులు బంతిని ఎర పంటగా వేస్తారు. చూశారా, కంటికి అందం, టమాటాకు కావలి! అందంగా వున్నది గదా అని గన్నేరును మాత్రం ఈ మళ్ళ దగ్గర నాటకండి. దాని ఆకు, పువ్వు, కొమ్మ అన్నీ విషమే.

ఒక మూల గుమ్మడి గింజలు వేసి, తీగను గోడ మీదికి పాకించండి. తొలకరికి వేస్తే బతుకమ్మ నాటికి పూస్తూ వుంటుంది. భాద్రపద అమావాస్య మొదలు తొమ్మిది రోజులు తంగేడు, గునుగు, బంతి పూలతో బతుకమ్మను పేర్చి, శిఖరాన గుమ్మడి పువ్వు పెడతారు గదా! ఇక్కడే చిక్కు. పువ్వు కోస్తే కాయ ఎట్లా వస్తుంది?

దగ్గరకు పోయి చూడండి. సన్నని, పొడవాటి కాడ మీద నిలిచినది మగపువ్వు. రేకుల కింద గోలీ అంత పిందె వున్నది ఆడపువ్వు. మగపువ్వులు ముందు పూస్తాయి, ఎక్కువగానూ పూస్తాయి. వాటి పుప్పొడి జిగటగా వుంటుంది కనుక గాలికి ఎగరదు, తేనెటీగ మోసుకుపోవాలి. ఈ పువ్వులు తెల్లవారుతూనే విచ్చి, ఎండ ముదిరేసరికి ముడుచుకుంటాయి. ఆ వేళ పురుగుమందు చల్లితే తేనెటీగలు చస్తాయి. పుప్పొడి అందని పిందెలు పసుపుపచ్చబడి రాలిపోతాయి.

తేనెటీగలు కనబడకపోతే ఆ పని మీరే చేయవచ్చు. పొద్దున్నే ఒక మగపువ్వు కోసి, రేకులు తీసి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు నడుమ మెల్లగా తాకించండి. నాలుగైదు రోజులలో పిందె లావెక్కితే మీ పని ఫలించినట్టే.

పండుగకు మగపువ్వులే కోయండి. వాటిలోనూ కొన్ని తీగకు వుంచండి. ఎక్కువైతే సెనగపిండిలో ముంచి అమ్మ బజ్జీలు వేస్తుంది. ఆడపువ్వుల జోలికి పోకండి. కాయ ముదిరి ఇంటికి వచ్చాక గింజలు కడిగి, నీడన ఆరబెట్టి దాచండి. తొలకరికి మళ్ళీ కావాలి.