ఇబ్రహీంపట్నం నుంచి రెండు ఉత్తరాలు

ఇబ్రహీంపట్నం,
ఆదివారం రాత్రి

అక్కా,

క్షేమంగా చేరాను. సాగర్ రోడ్డు మీద బొంగ్లూరు గేటు దాటేదాకా బస్సులో కాలు పెట్టే చోటు లేదు. పిన్ని వాళ్లంతా కులాసా. చెల్లాయి మాత్రం ఆదివారం కూడా ల్యాప్‌టాప్ ముందే కూర్చుంది. ఆఫీసులో అది జపాన్ వాళ్లతో కలిసి పనిచేస్తోంది. మీటింగుల్లో అమెరికా వాళ్లు వాడే నుడికారాలు వాళ్లకు అంతుపట్టవట. అయ్యాక దీన్నే అడుగుతారు. అందుకే వాళ్ల కోసం ఒక నోట్సు రాస్తోంది. నేనూ పక్కన చేరాను.

‘స్పిల్ ద బీన్స్’ దగ్గర చాలాసేపు ఆగాం. గింజలు ఒలకబోయడం అంటే వంట సంగతి అనుకుంటారు. గుట్టు బయటపెట్టడం అని ఊరుకుంటే రుచి పోతుంది. చెల్లాయి జపాన్ వాళ్ల మాటనే పట్టుకుంది. రహస్యం దాచలేనివాణ్ణి వాళ్లు ‘కుచి గా కరుయి’ అంటారు, నోరు తేలిక అని. నోట్లో నువ్వు గింజ నానదని మనం అనమూ? అయితే అది మనిషి గుణం, బీన్స్ ఒలకడం ఒకసారి జరిగే పని. ఆ తేడా తెలిసేలా, పుట్టినరోజు విందు సంగతి ముందే చెప్పేసిన స్నేహితుడి ముచ్చట రాసింది. నాకు ఎంతో నచ్చింది.

కోపం వస్తే వాళ్లకు పొట్ట నిలబడుతుందట, ‘హరా గా తత్సు’. మనకు కడుపు మండుతుంది. ఇంగ్లీషువాడు వెళ్లి ఇంటికప్పుకు కొట్టుకుంటాడు! ‘పీస్ ఆఫ్ కేక్’కు వాళ్ల మాట ‘అసామెషి మయె’, పొద్దుటి అన్నానికి ముందే అయిపోయే పని అని. మనకు నల్లేరు మీద బండి నడక. వాక్యం కూడా మనలాగే క్రియతో ముగుస్తుంది కాబట్టి తెలుగులో ఆలోచించి జపనీస్‌లో రాయడం తేలికంటుంది చెల్లాయి. నాకూ అదే సరైన దారి అనిపిస్తోంది.

ఒక్క జాగ్రత్త గట్టిగా రాయించాను. ‘బ్రేక్ ఎ లెగ్’ స్టేజీ ఎక్కబోయేవాళ్లకు చెప్పే దీవెన. ఆసుపత్రిలో ఉన్నవాళ్లతో అంటే గొడవే.

సోమవారం సాయంత్రం

అక్కా,

పెద్ద చెరువు కట్ట మీద నడిచి వచ్చాం. ఇది ఇబ్రహీం కుతుబ్‌షా కాలం నాటిదంటారు. 1550 నుంచి 1580 దాకా గోల్కొండను ఏలిన ఆ సుల్తాను, అంతకుముందు విజయనగరంలో తలదాచుకున్న రోజుల్లో తెలుగు మీద మక్కువ పెంచుకున్నాడు. మన కవులు ఆయన్ని మల్కిభరాముణ్ణి చేసేశారు.

చెల్లాయి పని చూస్తుంటే కెప్టెన్ కార్ గుర్తొచ్చాడు. 1868లో ‘ఆంధ్ర లోకోక్తి చంద్రిక’ అచ్చువేయించి, మన సామెతలను ఇంగ్లీషువాళ్లకు విడమరిచి చెప్పాడు. ఆ పుస్తకం గురించి చెబితే దీని కళ్లు మెరిశాయి.

నోట్సులో కుండపోత వాన దగ్గరికి వచ్చాం. ఇంగ్లీషువాడికి పిల్లులూ కుక్కలూ కురుస్తాయి, జపాన్‌లో మన్నూ ఇసుకా. ఊపిరాడని పనిలో ‘పిల్లి చెయ్యి అయినా అరువు దొరికితే బాగుండు’ అని జపాన్ వాళ్లంటారట. దానికి మన ఊళ్లో ఏమంటారో నాన్నని అడిగి వెంటనే రాయి. చెల్లాయి ఆ పేజీ ఖాళీగా ఉంచింది.

నీ తమ్ముడు