నిజాంపట్నంలో పూల పేక

పేక అనగానే మన పెద్దలు ముఖం చిట్లిస్తారు. తప్పు లేదు. వేట డబ్బు ముక్కల పాలై పస్తులున్న ఇళ్లను మేమెరుగుదుము. అయినా నిజాంపట్నంలో ఒక విశ్వాసి ఇంట, ఓడ పని నుండి వచ్చిన కుమారుడు తెచ్చిన జపాను పేకను పందెం లేకుండా నేర్చుకున్నాము.

పేరు హనాఫుదా, అంటే పూల ముక్కలు. మొత్తం 48. నెలకొక పువ్వో చెట్టో, ఒక్కొక్కదానికి నాలుగు ముక్కలు. మార్చికి చెర్రీ పూలు, సెప్టెంబరుకు చామంతి, ఆగస్టుకు రెల్లుగడ్డి మీద నిండు చంద్రుడు. అంకెల్లేవు, ఆడడానికి అక్షరాలు రానక్కర్లేదు! బడి ముఖమెరుగని ఆ ఇంటి అవ్వ మాకన్నా ముందే ఆట పట్టేసింది.

ఇద్దరి ఆట. చేతిలో ఎనిమిదేసి, నేల మీద ఎనిమిది. పువ్వుకు పువ్వు కలిపి తీసుకోవాలి. సెట్టు కుదిరితే ఆపవచ్చు, లేదా “కొయ్ కొయ్” అని సాగించవచ్చు. సాగించాక ఎదుటివారికి ముందు కుదిరితే మన లెక్క పోయినట్టే. అవ్వ ఒక్కసారీ కొయ్ కొయ్ అనలేదు.

జపానుకు ఇలాంటి పేక తెచ్చినవి 16వ శతాబ్దపు పోర్చుగీసు ఓడలు. డచ్చివారు 1606లో ఈ నిజాంపట్నానికీ, 1609లో జపానులోని హిరాదోకూ వచ్చి కొట్లు పెట్టారు. ఓడలకు ఏ తీరమూ దూరం కాదు కాబోలు.

కుమారుడు మళ్లీ ఓడెక్కాలో, ఇక్కడే ఉండాలో తేల్చుకోలేదు. మేము లేవబోతుంటే అవ్వ ముక్కలు సర్దుతూ, “వాడికి మీరైనా చెప్పండి అయ్యగారూ” అంది. అతడు మాత్రం ఇంకో ఆట పంచమన్నాడు.